మెత్తని ప్రయాణం కావాలంటే స్ప్రింగు మార్చాలా, షాకబ్సర్ మార్చాలా?

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. 2017 డీజిల్ డిజైర్, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. వాళ్ల అమ్మగారికి నడుము నొప్పి, నెలకోసారి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. కడప దాటి రాయచోటి చేరేసరికే ఆమె "ఇంక నా వల్ల కాదు నాయనా, బండి ఆపు" అంటోందట. ఒక మెకానిక్ గట్టి స్ప్రింగులు వేయించమన్నాడు. ఇంకొకాయన గ్యాస్ షాకబ్సర్లు వేస్తే బండి పరుపులా పోతుందన్నాడు. స్పేర్ పార్ట్స్ షాపులో స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు చేతిలో పెట్టారు. దేనికి డబ్బు పెట్టాలి?

నేను కడపలో ఇరవై రెండేళ్లుగా సస్పెన్షన్ పనే చేస్తున్నాను. ముందే చెప్పేస్తాను: స్ప్రింగులు విరగకపోతే, కుంగకపోతే కంపెనీవే ఉండనివ్వండి. నాలుగు షాకబ్సర్లు, వాటి పైన కింద ఉండే రబ్బర్లు మార్చండి. బఫర్లు తిరిగి ఇచ్చేయండి. కారణం కూడా తెలుసుకోండి, లేకపోతే షాపుకు పోయాక అక్కడివాళ్లు చెప్పిందే నిజమనిపిస్తుంది.

స్ప్రింగు పని బరువు మోయడం. షాకబ్సర్ పని బరువు మోయడం కాదు, స్ప్రింగు ఊపును ఆపడం. గుంతలో చక్రం పడగానే స్ప్రింగు నొక్కుకుని ఆ దెబ్బను మింగుతుంది, మరుక్షణం దాన్ని తిరిగి కక్కుతుంది. షాకబ్సర్ లేకపోతే బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. షాకబ్సర్ లోపల నూనెలో ఒక పిస్టన్ ఉంటుంది. దాని సన్నని రంధ్రాల గుండా, పల్చటి ఉక్కు రేకుల సందుల గుండా నూనె బలవంతంగా దూరి పోవాలి. ఆ ఒరిపిడిలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. రాళ్ల రోడ్డు మీద ఓ గంట తిరిగొచ్చిన బండి షాకబ్సర్‌ను ముట్టుకుంటే చేతికి వెచ్చగా తగులుతుంది. పక్కది వెచ్చగా ఉండి ఒకటి మాత్రం చల్లగా ఉందంటే అది పని మానేసిందని మా పిల్లలకు మొదటిరోజే నేర్పిస్తాను.

ఇప్పుడు గట్టి స్ప్రింగు సంగతి. షాపులో రెండు స్ప్రింగులు పక్కపక్కన పెట్టి "ఇది ఒక్క మిల్లీమీటరే లావు సార్" అంటారు. ఆ ఒక్క మిల్లీమీటరే కొంప ముంచేది. మిగతా కొలతలన్నీ ఒకటే అయినా, కడ్డీ 12 మిల్లీమీటర్ల నుంచి 13 అయితే స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. ఎందుకంటే గట్టిదనం కడ్డీ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్ల లెక్క కూడా ఇలాంటిదే. కదిలే చుట్లు ఆరు ఉన్నచోట ఒకటి కోసేస్తే మిగిలిన ఐదింటి మీదే భారమంతా పడుతుంది, స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. ఎత్తు తగ్గాలని స్ప్రింగు కోయించుకునే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే. బండి కిందికి దిగడమే కాదు, కడప బండ మీద కూర్చుని పోయినట్టు ఉంటుంది. షాపులో ఇచ్చిన రబ్బరు బఫర్ చేసేదీ అదే పని. చుట్టుకు చుట్టుకు మధ్య దూర్చగానే అక్కడి చుట్టు కదలడం మానేస్తుంది. బండి ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు లేచినట్టు కనిపిస్తుంది. ఆ లేచిన ఎత్తుకు మూల్యం మీ అమ్మగారి నడుము చెల్లిస్తుంది.

నడుము నొప్పి అన్నారు కాబట్టి ఇంకొంచెం లోతుగా చెబుతాను. ప్రతి బండికీ ఒక సొంత ఊపు ఉంటుంది, సెకనుకు ఇన్నిసార్లు అని. మామూలు కార్లకు అది సెకనుకు 1 నుంచి 1.5 సార్లు ఉంటే ఒంటికి హాయిగా ఉంటుంది. మనం నడిచేటప్పుడు ఒళ్లు పైకీ కిందికీ కదిలే వేగానికి అది దగ్గర్లో ఉంటుంది, శరీరానికి పుట్టినప్పటి నుంచి అలవాటైన లయ. అదే సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే అదురు కూర్చున్న మనిషి పొట్టకు, వెన్నుకు అన్నిటికంటే ఎక్కువ తగులుతుంది. గట్టి స్ప్రింగు, ఎక్కువ గాలి నింపిన టైరు, బిగుసుకుపోయిన షాకబ్సర్ అన్నీ కలిసి బండిని ఆ అదురు వైపుకే తోస్తాయి. స్ప్రింగు 38 శాతం గట్టిపడితే 1.3 ఉన్న ఊపు 1.5 దాటుతుంది. అంకెలో చిన్నదిగా కనిపిస్తుంది కానీ, రాయచోటి రోడ్డు మీద మూడు గంటలు కూర్చున్న మనిషికి ఆ తేడా తెలుస్తుంది.

అయితే గట్టి స్ప్రింగు ఎవరికీ వద్దని కాదు. లెక్క చూడండి. వెనక స్ప్రింగు మిల్లీమీటరుకు 2 కిలోలు మోసేదనుకుందాం, అంటే ప్రతి 2 కిలోల బరువుకు ఒక మిల్లీమీటరు నొక్కుకుంటుంది. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీ నింపితే ఒక్కో వెనక స్ప్రింగు మీద సుమారు 100 కిలోలు అదనంగా పడతాయి. అంటే బండి వెనక భాగం 50 మిల్లీమీటర్లు దిగుతుంది. ఎప్పుడూ నిండా జనంతో తిరిగే ట్యాక్సీకి, డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ పెట్టించిన బండికి ఆ దిగుడే శాశ్వతం. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా అడుగు రాసుకుంటుంది, స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు అడ్డుపడే బంప్ స్టాప్ రబ్బరు మీద ధన్‌మని కూర్చుంటుంది. వాళ్లు వెనక మాత్రం కొద్దిగా గట్టి స్ప్రింగు వేసుకోవడం న్యాయమే. మీ బండిలో అమ్మగారు, మీరు, ఓ సంచీ. మీకు ఆ అవసరం లేదు. ఖాళీ బండి వెనక ఎగిరెగిరి పడుతుందని, నలుగురు ఎక్కితే మెత్తగా పోతుందని అందరూ అనేదానికి కారణం కూడా ఇదే. కంపెనీ ఆ స్ప్రింగును నిండు బరువు కోసం కూడా లెక్కేసి పెట్టింది. తక్కువ బరువుకు అది కొంచెం గట్టిగా ఉండక తప్పదు.

ముందు స్ప్రింగులు మాత్రం మార్చి వెనకవి వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా చెడ్డది. 1930ల్లో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు దీని మీద ఎన్నో ప్రయోగాలు చేశాడు. వెనక ఊపు ముందు ఊపు కంటే కాస్త చురుగ్గా ఉంటే బండి సమంగా పోతుందని ఆయన చూపించాడు. మీ డిజైర్‌లో ముందు ఇరుసుకు వెనక ఇరుసుకు మధ్య దూరం 2.45 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ముందు చక్రం గుంతలో పడ్డాక 0.11 సెకనుకు వెనక చక్రం పడుతుంది. ఆలస్యంగా మొదలైన వెనక ఊపు చురుగ్గా ఉంటే ముందుదాన్ని అందుకుంటుంది, రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి. ముందు మాత్రమే గట్టి చేశారంటే ఆ పొత్తు చెడుతుంది, ముందు లేస్తే వెనక దిగుతుంది. గుర్రం మీద పోయినట్టు తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కూర్చున్నవాళ్లకు పైకీ కిందికీ ఊగడం కంటే ఈ ఊగుడే ఎక్కువ చిరాకు పెడుతుంది.

ఇక గ్యాస్ షాకబ్సర్. ఈ మాట మీద మన దగ్గర ఎన్నో అపోహలు. గ్యాస్ అంటే గాలి బుడగలా మెత్తగా ఉంటుందని అనుకుంటారు. అందులో ఉండేది నైట్రోజన్, అది మెత్తదనానికి కాదు. పిస్టన్ జోరుగా కదిలినప్పుడు నూనెలో నురుగు పుడుతుంది. నురుగు పట్టిన నూనె ఊపును పట్టుకోలేదు. ఆ నురుగు పుట్టకుండా గ్యాస్ ఒత్తి ఉంచుతుంది. మన ఎండలకు అది మంచిదే. మే నెలలో మధ్యాహ్నం రోడ్డు మీద నూనె పల్చబడుతుంది, అరిగిన షాకబ్సర్ ఉదయం కంటే సాయంత్రం ఎక్కువ ఊగుతుంది. అందుకని గ్యాస్ రకం తీసుకోండి, కాకపోతే మీ స్ప్రింగుకు సరిపోయే కంపెనీ గట్టిదనంలోనే తీసుకోండి. ఒకే గొట్టం ఉండే రకంలో గ్యాస్ ఒత్తిడి చాలా ఎక్కువ, వేడిని బాగా తట్టుకుంటుంది, ఘాట్‌లలో జోరుగా నడిపేవాళ్లకు బాగుంటుంది. కానీ అమ్మగారిని తీసుకుపోయే బండికి రెండు గొట్టాల రకం, తక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్నది చాలు. చిన్న చిన్న అదుర్లను అది నెమ్మదిగా మింగుతుంది. డబ్బు మిగులుతుందని కాదు, నిజంగానే అదే మెత్తన.

షాకబ్సర్ గట్టిదనం అంటే ఒక్క అంకె కాదు. బండి మలుపులో ఒరిగినప్పుడు, బ్రేకు కొట్టినప్పుడు పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. గుంత అంచు తగిలినప్పుడు ఒక్క ఉదుటున దూకుతుంది. మంచి షాకబ్సర్ నెమ్మది కదలికను గట్టిగా పట్టుకుంటుంది, ఉదుటున వచ్చిన దెబ్బకు లోపలి రేకులు తెరుచుకుని దారి ఇస్తుంది. చౌకరకంలో ఆ తెలివి ఉండదు, గుంతకూ మలుపుకూ ఒకేలా బిగుస్తుంది. ఇంకొకటి, నొక్కుకునేటప్పటి కంటే సాగేటప్పుడు షాకబ్సర్ రెట్టింపో అంతకంటే ఎక్కువో అడ్డుకోవాలి. అది మరీ ఎక్కువైతే వరసగా వచ్చే గతుకుల మీద చక్రం కిందికి తిరిగి వచ్చే లోపే ఇంకో గతుకు వస్తుంది. బండి కొంచెం కొంచెంగా కుంగిపోయి బంప్ స్టాప్ మీదే పోతుంది. టోల్ గేటు ముందు వేసే సన్న గీతల గతుకులు చూశారు కదా, కొత్త షాకబ్సర్లు వేశాక నేను బండిని మొదట అక్కడికే తీసుకుపోతాను. మొదటి గీత కంటే చివరి గీత గట్టిగా తగిలిందంటే ఆ షాకబ్సర్ ఆ బండికి కాదు.

మీ బండి జబ్బు ఏదో మీరే కొంత పట్టుకోవచ్చు. గుంత దాటాక బండి రెండు మూడు సార్లు ఊగిందంటే షాకబ్సర్ పోయినట్టు. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కితే ముక్కు బాగా కిందికి వంగుతోందా, మలుపు తిప్పాక బండి ఆలస్యంగా సర్దుకుంటోందా? అదీ ముందు షాకబ్సర్లే. అది సుఖం సంగతి మాత్రమే కాదు, చక్రం రోడ్డును వదిలి ఎగిరితే బ్రేకు పట్టదు. అలా కాకుండా చిన్న రాయి తగిలినా టక్‌మని ఒకే దెబ్బ వస్తుంటే, అది షాకబ్సర్ కాకపోవచ్చు. లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని పట్టి ఉంచే చేతి కీలులోని రబ్బరు), స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకబ్సర్ కలిసి ఉండే భాగం) పైనుండే మౌంట్ రబ్బరు, వీటిలో ఏదో ఒకటి. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో ఇవి రాయిలా గట్టిపడి చీలి ఉంటాయి. వీటిని వదిలేసి ఎంత ఖరీదైన షాకబ్సర్ వేసినా ఆ టక్ పోదు. బండి మూల మీద చేత్తో నొక్కి వదిలే పరీక్ష అందరూ చేస్తారు. పూర్తిగా చచ్చినదాన్ని అది పట్టిస్తుంది, సగం అరిగినదాన్ని పట్టించదు. టార్చి వేసి షాకబ్సర్ ఒళ్లు చూడండి. పలచగా తడి ఉంటే ఫరవాలేదు, నూనె కారి దాని మీద ఎర్రమట్టి ముద్దగా అంటుకుని ఉంటే మార్చాల్సిందే.

స్ప్రింగు "మెత్తబడింది" అని కూడా అంటుంటారు. ఉక్కు గట్టిదనం ఏళ్లతో మారదు. కుంగుతుంది, అంటే ఎత్తు తగ్గుతుంది. చదునైన నేల మీద బండి ఆపి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి. కుడి ఎడమలకు ఒకటిన్నర సెంటీమీటరు తేడా వచ్చిందంటే స్ప్రింగు మార్చండి, రెండు వైపులా కలిపే. కింది చుట్టు చివర బురద నిలిచే చోట తుప్పు పట్టి విరగడం కూడా చూస్తుంటాను, ఆ చోటును చేత్తో తడిమి చూడాలి. మార్చాల్సి వస్తే మీ మోడల్ పార్ట్ నంబరుతోనే తీసుకోండి. డీజిల్ ఇంజను బరువెక్కువ, చాలా మోడళ్లలో పెట్రోలు బండికి డీజిల్ బండికి ముందు స్ప్రింగులు వేరు. షాపువాళ్లు "రెండూ ఒకటే" అంటే నమ్మకండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. టైర్లలో గాలి చూడండి. గాలి పట్టే కుర్రాడు అడక్కుండానే 40 పీఎస్ఐ కొట్టేస్తాడు. డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, అందులో ఉన్నదే నింపాలి, అది కూడా ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు. మీ మోడల్ కింది వేరియంట్‌కు వచ్చే 165/80 ఆర్14 టైరు పక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. పై వేరియంట్ 185/65 ఆర్15 అయితే 120. అందం కోసం 195/55 ఆర్16 వేయించారంటే 107కు దిగుతుంది. రోడ్డు దెబ్బను మొదట మింగేది ఆ రబ్బరు గోడే. షాకబ్సర్లు బాగున్నా బండి కొడుతోందని నా దగ్గరికి వచ్చే బండ్లలో పెద్ద అల్లాయ్ చక్రాలు, అధిక గాలి, ఈ రెండే ఎక్కువ.

కొనేటప్పుడు పేరున్నవి తీసుకోండి. కంపెనీ పార్టు, గాబ్రియెల్, మన్రో, కేవైబీ, వీటిలో మీ బండికి దొరికేది ఏదైనా చాలు. బిల్లు అడగండి, నకిలీ పెట్టెలు తిరుగుతున్నాయి. గట్టిదనం తిప్పుకునే రకాలు, ఎత్తు మార్చుకునే సెట్లు మీకు అక్కర్లేదు. ముందు ఒక జత, వెనక ఒక జత, ఎప్పుడూ జతగానే. దాంతోపాటు ముందు మౌంటు, దాని బేరింగు, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కొత్తవి వేయించండి. అన్నీ విప్పాక మళ్లీ వాటి కోసం విప్పితే కూలి రెండింతలు. మీ బండిలో వెనక స్ప్రింగు వేరు, షాకబ్సర్ వేరు, ఆ పని సులభం. ముందు మాత్రం స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో బిగించి తీయాలి. తాడు కట్టి, ఇనుప కడ్డీ పెట్టి తీసే చోట చేయించకండి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి ప్రాణం పోతుంది.

అసలు నష్టం చాలాసార్లు బిగించే చేతిలోనే జరుగుతుంది. రెండేళ్ల కింద రాయచోటి నుంచి ఒకాయన వచ్చాడు, వేరేచోట కొత్త స్ట్రట్లు వేయించి రెండు నెలలు కాలేదు, రెండూ కారుతున్నాయి. కంపెనీ మోసం చేసిందని కోపంగా ఉన్నాడు. తొడుగు పైకి లేపి చూశాను. అద్దంలా మెరవాల్సిన షాకబ్సర్ పిస్టన్ కడ్డీ మీద నాలుగు గాట్లు ఉన్నాయి, ప్లయర్ పళ్ల గుర్తులు. గోటితో గీస్తే గోరు అక్కడ ఆగుతోంది. పై నట్టు బిగించేటప్పుడు కడ్డీ తిరగకుండా ఎవరో ప్లయర్‌తో పట్టుకున్నారు. ఆ గాటు కిందికీ పైకీ పోయినప్పుడల్లా నూనె బయటికి రాకుండా ఆపే సీలును కోసింది. ఆయన చేత కూడా ఆ గాటు తడిమించాను, అప్పుడు గానీ ఒప్పుకోలేదు. కడ్డీ చివర పట్టుకోవడానికి అలెన్ కీ గుంతో చదునో ఇచ్చే ఉంటారు, దాన్నే వాడాలి. మీరు దగ్గర నిలబడి ఈ ఒక్కటి చూసుకోండి.

ఇంకో రెండు చూడాలి. రెండు గొట్టాల షాకబ్సర్ పెట్టెలో పడుకుని వచ్చి ఉంటుంది, లోపల గాలి తప్పు చోట చేరి ఉంటుంది. బిగించే ముందు నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి. లేకపోతే మొదటి రోజు నుంచే టకటక మంటుంది, కొత్తది చెడిందని తిరిగిస్తారు. రెండోది, ఆర్మ్ బుష్‌ల బోల్టులు, వెనక షాకబ్సర్ కింది బోల్టు బండి జాకీ మీద వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. గాలిలో బిగిస్తే బండి కిందికి దిగినప్పుడు ఆ రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, గట్టిగా తగులుతుంది, ఏడాదికే చీలుతుంది. ముందు స్ట్రట్ విప్పారంటే వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

బొలెరో ఉన్నవాళ్లు ఇలాంటి ప్రశ్నే అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. వెనక కమాన్ పట్టీల మధ్య తుప్పు, మట్టి చేరితే అవి ఒకదాని మీద ఒకటి జారవు, చిన్న గతుకులకు కదలకుండా బిగుసుకుంటాయి. మెత్తగా పోవాలని ఒక పట్టీ తీసేయించే ముందు, వాటిని విప్పి శుభ్రం చేయించి, బుష్‌లు మార్చి చూడండి. చాలా బండ్లకు అదే సరిపోతుంది.

మళ్లీ మీ సంగతికి వస్తే, రేపు ఉదయం గాలి సరిచేసి అమ్మగారిని వెనక కాకుండా ముందు సీట్లో కూర్చోబెట్టండి. వెనక సీటు దాదాపు వెనక చక్రాల పైనే ఉంటుంది, ప్రతి దెబ్బా నేరుగా తగులుతుంది. ముందు సీటు రెండు ఇరుసుల మధ్యకు దగ్గర, అక్కడ ఊపు తక్కువ. సీటు కొంచెం వెనక్కి వాల్చి నడుము ఒంపులో చిన్న తువ్వాలు మడిచి పెట్టండి. షాకబ్సర్లు వేయించాక ఒక 500 కిలోమీటర్లు తిప్పి పై నట్లు, కింది బోల్టులు ఒకసారి సరిచూపించుకుని, ఆ తర్వాత వేలూరు బయల్దేరండి.